రెండంగుళాల వెండితెర



ఈనాటి ప్రసంగాన్ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. 'మాయాబజార్' సినిమాలో శ్రీకృష్ణుడి పట్టుపంచె ఏ రంగు? ఒక్క క్షణం ఆలోచించి, పక్కన ఉన్నవారిని కూడా అడగండి. మీలో చాలామంది పసుపుపచ్చ అనే చెబుతారు. మరి ఒంటి రంగు? నీలం. ఘటోత్కచుడి గద? బంగారు రంగు. ఇదేం ప్రశ్న, చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు కదా అని నవ్వుకుంటారు కూడా.

కానీ 1957లో వచ్చిన ఆ సినిమా నలుపు తెలుపు చిత్రం. మార్కస్ బార్‌ట్లీ కెమెరా పట్టి ఇచ్చింది తెలుపు, నలుపు, ఆ రెంటి నడుమ రకరకాల బూడిద ఛాయలు, అంతే. ఆ చిత్రానికి కంప్యూటర్ సాయంతో రంగులు వేసి మళ్లీ విడుదల చేసింది 2010 జనవరిలో. అంటే దాదాపు యాభైమూడేళ్ల తరువాత. మరి అంతకు ముందే, మీ అమ్మమ్మకూ, మీ నాన్నగారికీ ఆ కృష్ణుడి పట్టుపంచె పసుపుపచ్చ అని ఎవరు చెప్పారు?

పీతాంబరధారి అని పురాణంలోనే ఉంది కదా అంటారు. నిజమే. కానీ పురాణం మాట మాత్రమే ఇచ్చింది. ఆ పసుపు నిమ్మపండు పసుపా, మామిడిపండు పసుపా, అంచు ఎర్రదా, పచ్చదా, ఆ పంచె కట్టుకున్న ముఖం ఎన్.టి. రామారావు గారిదా, మరొకరిదా, ఇవన్నీ మాటలు చెప్పలేవు. అవి చెప్పింది బొమ్మలు వేసేవాళ్లు. గోడ మీది పోస్టరు, పాటల పుస్తకం అట్ట, పూజగదిలో క్యాలెండరు, పొయ్యి పక్క గూట్లో అగ్గిపెట్టె, వీటి మీద రంగులద్దిన చిత్రకారులు. మన జ్ఞాపకంలోని సినిమాకు రంగులు వేసింది వాళ్లే. ఈ పూట వాళ్ల గురించి, అందులోనూ అగ్గిపెట్టె మీది బొమ్మ గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆ అగ్గిపెట్టె మన గుడియాత్తం సరుకు.

వేలూరుకు పడమరగా, కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పలమనేరు వైపు నుంచి వేలూరుకు, ఆసుపత్రికో, పెళ్లిబట్టలకో పోయేవారికి దారిలో తగిలే ఊరు. కైలీ మగ్గాలు, బీడీలు, అగ్గిపెట్టెలు, ఈ మూడింటికీ పేరున్న ఊరు. మనలో కొందరు అగ్గిపెట్టె అంటాం, కొందరు వత్తిపెట్టె అంటాం. ఏ పేరుతో పిలిచినా, తమిళనాట అగ్గిపెట్టెలు చేసే ఊళ్లు ఏవి అంటే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అని దక్షిణాది పేర్లు చెప్పి, ఉత్తరాన గుడియాత్తం అని చెప్పాల్సిందే.

అసలు అగ్గిపెట్టెకు బొమ్మ ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వ్యాపారంలో ఉంది. పెట్టె పక్కన గీస్తేనే మండే ఈ క్షేమకరమైన అగ్గిపుల్ల 19వ శతాబ్దం నడుమ స్వీడన్ దేశంలో పుట్టింది. స్వీడన్ కంపెనీ వాళ్లే 1923లో మన దేశంలో విమ్‌కో అనే పెద్ద సంస్థను పెట్టారు. దాదాపు అదే కాలంలో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చి సొంత ఊళ్లో చేతిపనిగా మొదలుపెట్టారు. అలా ఒకపక్క యంత్రాలతో నడిచే పెద్ద కంపెనీ, మరోపక్క చేతులతో నడిచే చిన్న కార్ఖానాలు ఏర్పడ్డాయి. అన్నింటిలోనూ పుల్ల ఒకటే, మందు ఒకటే, ధర ఒకటే. మరి కొనేవాడు దేన్ని అడిగి తీసుకోవాలి?

చాలామందికి చదువు లేని రోజులు. అందులోనూ మనది సరిహద్దు ప్రాంతం. ఒక వీధిలో తెలుగు, మరో వీధిలో తమిళం, ఇంకో వీధిలో ఉర్దూ. పెట్టె మీద ఏ లిపిలో పేరు అచ్చువేసినా సగం మందికి అది గీతలే. కనుక కొనేవాడు పేరు చెప్పడు, బొమ్మ చెబుతాడు. "ఏనుగు పెట్టె ఇయ్యన్నా", "పులి పెట్టె ఒకటి ఇయ్యి" అంటాడు. ఆ బొమ్మే సంతకం, ఆ బొమ్మే వ్యాపార చిహ్నం. అందుకే మొదట పులి, ఏనుగు, తామరపువ్వు, ఓడ, దేవుళ్లు, దేశనాయకులు వచ్చారు. తరువాత జనం నాలుక మీద ఎవరి పేరు ఆడుతోందో వారు వచ్చారు. సినిమా తారలు, సినిమా వేషాలు ఆ దారినే అగ్గిపెట్టెల మీదికీ, టపాకాయల పొట్లాల మీదికీ దిగారు.

ఇక్కడ చిత్రకారుడి కష్టం ఏమిటో చూడండి. సినిమా తెర ఎంత పెద్దదో మీకు తెలుసు. అగ్గిపెట్టె ముఖం పొడవు రెండంగుళాలు, వెడల్పు అంగుళంన్నర కూడా ఉండదు. దుకాణంలో వేలాడే కిరోసిన్ దీపం వెలుగులో, అరుగు కింద నిలబడ్డ మనిషికి ఆ రెండంగుళాల మీద ఉన్నది ఎవరో ఒక్క చూపులో తెలియాలి. తెలియకపోతే సరుకు కదలదు.

దీనికి చిత్రకారులు ఒక ఉపాయం కనిపెట్టారు. మనిషిని మొత్తం వేయరు. ఆ పాత్రకు గుర్తు ఏదో అది పట్టుకుంటారు. కృష్ణుడు అంటే నెమలిపింఛం, వేణువు. ఘటోత్కచుడు అంటే మెలితిరిగిన మీసం, భుజం మీద గద. ఎం.జి.ఆర్. అంటే తెల్లటి బొచ్చుటోపీ, నల్ల కళ్లద్దాలు. చార్లీ చాప్లిన్ అంటే గుండ్రటి టోపీ, చిన్న మీసం, చేతికర్ర. ఈ గుర్తులు సరిగ్గా పడితే ముఖం కొంచెం అటూఇటూ అయినా జనం పోల్చుకుంటారు. గుర్తు తప్పితే, ముఖం ఎంత బాగా కుదిరినా "ఎవురబ్బా ఈయన" అంటారు.

దీనికి ఒక పరీక్ష ఉంది. మీ పిల్లలతో ఇంట్లోనే చేయించవచ్చు. మీకు ఇష్టమైన సినిమా పాత్రను కాగితం మీద వేయించండి. తరువాత ఆ బొమ్మ మొత్తాన్ని నల్ల సిరాతో నింపేయమనండి. కన్ను, ముక్కు, నోరు ఏమీ ఉండకూడదు, నీడలాగా ఆకారం మాత్రమే మిగలాలి. అప్పుడు కూడా ఎవరో చెప్పగలిగితే ఆ బొమ్మ నిలిచినట్టు. చెప్పలేకపోతే, ఎన్ని రంగులు వేసినా నిలవదు. మన తోలుబొమ్మలాటలో నేర్పరితనం ఇందులోనే ఉంది. తెర వెనక రావణుడు కదిలితే పది తలల ఆకారమే పేరు చెబుతుంది.

ఆకారం తరువాత కళ్లు. మీరు గుడియాత్తంలో వైకాశి నెల తొలిరోజున జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవం చూసే ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, మన చిత్తూరు జిల్లా నుంచి కూడా జనం కదిలివస్తారు. అమ్మవారి శిరస్సును ఊరేగించి మొండెం మీద చేర్చే ఆ ఉత్సవంలో, ఎంత దూరాన నిలబడ్డా అమ్మవారు మనల్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది. పెద్ద కళ్లు, ముదురు రంగులు, వాటి చుట్టూ గట్టి గీత. లేబులు బొమ్మ వేసినవాడూ ఈ పద్ధతినే పట్టుకున్నాడు. దూరాన ఉన్నవాడికి పెద్దది ఎలా కనబడాలో, దగ్గర ఉన్నవాడికి చిన్నది ఎలా కనబడాలో, రెంటికీ సూత్రం ఒకటే. కళ్లు పెద్దవి చెయ్యి, రంగులు తగ్గించు, గీత గట్టిగా పెట్టు.

రంగులు తగ్గించడం అన్నాను. అది ఇష్టంతో చేసింది కాదు, ఖర్చు చేయించిన పని. దానికి ముద్రణ సంగతి కొంచెం తెలుసుకోవాలి. అగ్గిపెట్టెలకు లేబుళ్లు కావాలి కనుకనే శివకాశిలో అచ్చుయంత్రాలు వచ్చాయి. ఆ తరువాత క్యాలెండర్లు, డైరీలు, పోస్టర్లు అన్నీ అక్కడే అచ్చయి దేశమంతా పోయాయి. మొదట్లో వాడిన పద్ధతి రాతి అచ్చు, లిథోగ్రఫీ. 1790ల చివర్లో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టాడు. సూత్రం మీ వంటింట్లో ఉన్నదే. నూనె, నీళ్లు కలవవు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ వేస్తారు. రాయిని నీళ్లతో తడుపుతారు. తరువాత అచ్చు సిరా పూస్తే, జిడ్డు ఉన్నచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది.

ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. పసుపుకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నీలానికి ఒకటి, గీతకు నలుపు ఒకటి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది. పసుపు మీద ఎరుపు పడితే కాషాయం వస్తుంది. ఇప్పుడు కృష్ణుణ్ణి చూడండి. ఒంటికి నీలం, పంచెకు పసుపు, అంచుకు ఎరుపు, చెట్టు ఆకులకు పసుపు నీలం కలిసిన పచ్చ. ఉన్న మూడు రంగులూ పూర్తిగా పనికివచ్చాయి. పైసా వృథా లేదు. అచ్చువాడికి ఇంత అనుకూలమైన దేవుడు మరొకడు లేడేమో అనిపిస్తుంది.

పైగా బొమ్మ వేసిన చిత్రకారుడే ఏ రంగు ఏ రాయి మీద ఎంత పడాలో విడదీసి ఇవ్వాలి. ఇవాళ కంప్యూటర్ చేసే పనిని ఆయన కంటితో, మనసుతో చేసేవాడు. ఆకుపచ్చ చీరను చూసి, అందులో పసుపు ఎంత, నీలం ఎంత అని లెక్క కట్టేవాడు. లెక్క తప్పితే, లేక కాగితం వెంట్రుకవాసి జరిగితే, నాయిక పెదవుల ఎరుపు గడ్డం మీద పడేది. పాత లేబుళ్లలో ఇలాంటివి చాలా కనబడతాయి. మనకు నవ్వు వస్తుంది. కానీ ఆ తప్పుల వల్లనే, దాని వెనక మనిషి చెయ్యి ఉందని తెలుస్తుంది.

రాతి అచ్చు పోయి జింకు రేకులు వచ్చాయి, ఆ తరువాత ఆఫ్‌సెట్ వచ్చింది. పెట్టె కూడా మారింది. పూర్వం పలచటి చెక్కపొరతో పెట్టె చేసి, దానికి కాగితం చుట్టి, పైన లేబులు విడిగా అంటించేవారు. ఆ లేబులును తడిపి ఊడదీసి పిల్లలు పుస్తకంలో అంటించుకునేవారు. మీలో చాలామంది చేసే ఉంటారు. తరువాత అట్టపెట్టె వచ్చింది. బొమ్మ నేరుగా అట్ట మీదే అచ్చయింది. అంటించే పని పోయింది, ఊడదీసే సరదా కూడా పోయింది.

ఇప్పుడు కాసేపు మద్రాసు వైపు చూద్దాం. ఎందుకంటే ఈ రెండంగుళాల బొమ్మకు మూలం అక్కడి పెద్ద బొమ్మ. 1950ల నుంచి చాలా ఏళ్లు తెలుగు సినిమా, తమిళ సినిమా ఒకే ఊళ్లో, చాలాసార్లు ఒకే సెట్టులో పుట్టాయి. 'మాయాబజార్' కూడా తెలుగులో, తమిళంలో తీశారు. తెలుగు అభిమన్యుడు అక్కినేని అయితే, తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. కానీ కృష్ణుడు రెంటిలోనూ రామారావు గారే, ఘటోత్కచుడు రెంటిలోనూ ఎస్.వి. రంగారావు గారే. అందువల్ల మన సరిహద్దులో ఒక చిత్రమైన సౌకర్యం కలిగింది. గోడకు ఇటువైపు తెలుగు ఇల్లు, అటువైపు తమిళ ఇల్లు. పలికే మాట వేరు, తలచుకునే కృష్ణుడు ఒక్కడే. ఒకే బొమ్మ రెండిళ్లలోనూ చెల్లింది.

ఆ సినిమాకు కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే గారు అంతకు ముందు నుంచీ పత్రికలకు బొమ్మలు వేసిన చిత్రకారుడు, కథలు రాసిన రచయిత. అంటే తెర మీది కిరీటాన్ని, నగను, మండపాన్ని ముందుగా కాగితం మీద చూసిన కన్ను ఒక పత్రికా చిత్రకారుడిది. బొమ్మ నుంచి సినిమా పుట్టింది, సినిమా నుంచి మళ్లీ బొమ్మ పుట్టింది. ఇది మొదటి నుంచీ ఉన్నదే. రాజా రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టి దేవుళ్ల రంగుబొమ్మలు ఇంటింటికీ పంపాడు. ఆ ముద్రణాలయంలో పనిచేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశాడు.

'చందమామ' సంగతి కూడా ఇలాంటిదే. విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జులైలో ఆ పత్రికను తెలుగులో, 'అంబులిమామ'గా తమిళంలో తెచ్చారు. భుజాన బేతాళుణ్ణి వేసుకుని, చేత కత్తి పట్టి శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ మీకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. ఆ బొమ్మ వేసిన శంకర్ గారు ఈరోడ్ ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 2020లో, తొంభైయారేళ్ల వయసులో కన్నుమూశారు. 1980ల నడుమ దూరదర్శన్‌లో విక్రమ్ బేతాళ కథలు సీరియల్‌గా వచ్చినప్పుడు, మన ఇళ్లలో పెద్దలు ఆ బొమ్మతో పోల్చి మార్కులు వేశారు. టీవీ విక్రమార్కుడు చందమామ విక్రమార్కుడిలా ఉన్నాడా లేదా అన్నదే వారి పరీక్ష. 1987లో రామాయణం, 1988లో మహాభారతం టీవీలో మొదలయ్యాక మళ్లీ లెక్క తిరగబడింది. క్యాలెండరు రాముడికి టీవీ రాముడి చిరునవ్వు వచ్చి చేరింది.

పోస్టర్ల రంగంలో మనం తలచుకోవలసిన పేరు ఈశ్వర్. పాలకొల్లులో పుట్టి మద్రాసు చేరిన చిత్రకారుడు. 1967లో బాపు గారు తీసిన 'సాక్షి'తో పోస్టర్ల రూపకర్తగా మొదలై, రెండువేలకు పైగా సినిమాలకు పనిచేశారు. కుంచెతో వేసేవి కొన్ని, కత్తితో రంగు పూసేవి కొన్ని, ఒట్టి గీతతో నడిచేవి కొన్ని. సినిమా స్వభావాన్ని బట్టి పద్ధతి మార్చేవారు. 2021లో ఆయన పోయారు. పోయేలోగా ఒక మంచి పని చేశారు. తన రంగం గురించి, తనకు ముందున్న చిత్రకారుల గురించి 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాశారు. దానికి నంది పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం లేకపోతే ఎందరి పేర్లో ఇవాళ మనకు తెలియకుండా పోయేవి.

ఆ మద్రాసు పోస్టరు వేలూరు గోడకూ, థియేటర్ ముందు బ్యానరుకూ ఎలా చేరేది? బొమ్మ మీద గళ్లు గీసేవారు. చిన్న ఫొటో మీద అంగుళం అంగుళానికి ఒక గడి. బ్యానరు గుడ్డ మీద అడుగు అడుగుకు ఒక గడి. ఈ గడిలో ఏముందో ఆ గడిలో అది వేస్తూ పోతే, అరచేతిలో ఉన్న ముఖం ఇరవై అడుగుల ముఖం అవుతుంది. అగ్గిపెట్టె చిత్రకారుడు దీన్నే తలకిందులుగా చేశాడు. పెద్దగా వేసి, చిన్నగా అచ్చువేయించాడు. సినిమాను కొండంత చేసినవాడు ఒకడు, దాన్నే చెక్కుడు జేబులో పట్టేటట్టు చేసినవాడు మరొకడు. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఫ్లెక్సీ అచ్చు వచ్చింది. కొద్దికాలంలోనే గళ్లు గీసే చేతులు ఖాళీ అయ్యాయి. కొందరు నంబరు ప్లేట్లు రాసుకున్నారు, కొందరు ఇళ్లకు సున్నాలు, రంగులు వేసుకున్నారు.

ఇది మన దగ్గరే జరిగిన కథ కాదు. ఆఫ్రికాలోని ఘనా దేశంలో 1980లలో ఊరూరూ తిరుగుతూ వీడియో మీద సినిమాలు వేసేవారు పిండిబస్తాల గుడ్డ మీద పోస్టర్లు వేయించుకునేవారు. అక్కడా అచ్చు పోస్టర్లు వచ్చాక ఆ పని తగ్గింది. కానీ ఆ గుడ్డ పోస్టర్లను ఇవాళ విదేశాల్లో ప్రదర్శనలకు పెడుతున్నారు. పోలండ్ దేశంలో సినిమా పోస్టర్లు వేసిన చిత్రకారుల పేర్లను పుస్తకాలకెక్కించారు, పోస్టర్లకంటూ ఒక మ్యూజియం కట్టుకున్నారు. తేడా చిత్రకారుల నేర్పులో లేదు. దాచిపెట్టడంలో ఉంది.

శ్రోతలారా, బొమ్మ గురించి మాత్రమే మాట్లాడి ముగిస్తే అన్యాయం అవుతుంది. ఆ అందమైన బొమ్మ అంటించింది ఎవరు? పెట్టెలో పుల్లలు నింపింది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లతో పాటు చాలాకాలం పిల్లలు కూడా. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. అయినా పని ఆగలేదు. శివకాశి కార్ఖానాల మీద వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు చెబుతూ, పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు కట్టాలని, ఆ సొమ్ము పిల్లల సంక్షేమానికి నిధిగా ఉండాలని, బిడ్డ బడికి పోవాలని ఆదేశించింది. పాత లేబులును చేతిలోకి తీసుకుని మురిసిపోయేటప్పుడు, దాన్ని అంటించిన వేళ్లు ఎంత చిన్నవో అని కూడా ఒకసారి తలచుకోవాలి. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. కోరుకోవలసింది ఆ పనివాళ్ల నేర్పూ, ఆ చిత్రకారుల పేర్లూ మిగలాలని.

ఇప్పుడు పెట్టె పరిస్థితి ఏమిటి? అర్ధరూపాయి పెట్టె 2007లో రూపాయి అయింది. పద్నాలుగేళ్లు అదే ధర నిలిచి, 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది. ఈలోగా గ్యాసు పొయ్యికి లైటరు వచ్చింది, పది రూపాయల ప్లాస్టిక్ లైటర్లు విదేశాల నుంచి కుప్పలుగా దిగాయి. పరిశ్రమ మొర పెట్టుకోగా, 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో నిషేధించింది. పెట్టె ఇంకా బతికే ఉంది. కానీ ఇంటింటా రోజుకు నాలుగుసార్లు చేతిలోకి తీసుకునే వస్తువుగా లేదు. చేతిలోకి రాని వస్తువు మీద బొమ్మకు ఎవరు ఖర్చుపెడతారు?

ఒకవేళ మీ ఇంట్లో బొమ్మలు వేసే అబ్బాయో అమ్మాయో ఉంటే, సినిమా పాత్రలను వేయడం తప్పా అని అడగవచ్చు. నేర్చుకోవడానికి, ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి వేసుకుంటే ఎవరూ అడ్డుపెట్టరు. అమ్మకానికి వచ్చేసరికి లెక్క వేరు. 2008లో టీవీలోకి వచ్చిన ఛోటా భీమ్‌ను తీసుకోండి. హైదరాబాదులో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టిన పాత్ర. కాషాయపు పంచె, చేతిలో లడ్డు, ఇవే ఆ పాత్ర గుర్తులు. పాత సూత్రమే. కానీ ఆ బొమ్మను బడిసంచి మీదో, నీళ్ల సీసా మీదో అచ్చువేసి అమ్మాలంటే సొంతదారు అనుమతి కావాలి. నటుల విషయమూ అంతే. రజనీకాంత్ గారి పేరును, ఆయన పోలికను అనుమతి లేకుండా ఒక సినిమాకు వాడరాదని 2015లో మద్రాసు హైకోర్టు చెప్పింది. పాత లేబుళ్ల కాలంలో ఈ పట్టింపులు అంతగా లేవు. తారను అడగలేదు. చిత్రకారుడి పేరూ వేయలేదు.

చట్టం ఒక మంచి మాట కూడా చెబుతుంది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ కూడా ఒక రచనే. వేసినవాడి జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్లు దానికి రక్షణ ఉంది. తన బొమ్మకు కర్త తానే అని చెప్పుకునే హక్కు కూడా చిత్రకారుడికి ఉంది. కనుక పిల్లలకు ఒక అలవాటు నేర్పండి. బొమ్మ ఎంత చిన్నదైనా, మూలన పేరు, తేదీ వేయమనండి. మాటల్లో అడిగితే క్షణంలో బొమ్మ చేసి ఇచ్చే యంత్రాలు వచ్చిన కాలం ఇది. ఇది నేను వేశాను అని చెప్పుకోవడం ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

చివరగా మీతో ఒక మనవి. అటక మీదో, పాత ట్రంకుపెట్టెలోనో, దేవుడి గూట్లోనో పాత అగ్గిపెట్టె, పాటల పుస్తకం, క్యాలెండరు కాగితం దొరికితే పారవేయకండి. లేబులు ఊడదీయాలనుకుంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి, లాగకండి, అదే వదులుతుంది. నీడలో ఆరబెట్టి, రెండు కాగితాల నడుమ ఉంచి, మీద పుస్తకం పెట్టండి. కాగితం వెనక పెన్సిలుతో అది ఎక్కడ దొరికిందో, ఏ కాలం నాటిదని మీ పెద్దలు చెప్పారో రాయండి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మీ వీధిలోనో, పక్క ఊళ్లోనో ఒకప్పుడు థియేటర్ బ్యానర్లు వేసిన పెద్దాయన, దుకాణాల బోర్డులు రాసిన పెద్దాయన ఉండే ఉంటారు. ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో, మొదట వేసిన ముఖం ఎవరిదో, కళ్లు ముందు వేసేవారా చివర వేసేవారా, కూలి ఎంత ఇచ్చేవారో అడగండి. పిల్లల చేత రాయించండి. కాగితం మీది బొమ్మ పాడైనా పోలికకు మరొకటి దొరకవచ్చు. ఆ మనిషి పోతే ఆ మాటలు మళ్లీ దొరకవు.

మొదట అడిగిన ప్రశ్నకు మీ జవాబు మార్చుకోనక్కరలేదు. మాయాబజార్ కృష్ణుడి పట్టుపంచె పసుపుపచ్చే. ఆ రంగు వేసినవారి పేరు కూడా మన పిల్లలు చెప్పగలిగితే బాగుంటుంది.